తూటా బలమా, చేతి నిలుకడయా?

2025 మే 28వ తేదీన అస్సాము రాష్ట్ర మంత్రివర్గము చేసిన నిర్ణయ మొకటి దేశమంతట చర్చకు వచ్చెను. సరిహద్దుకు చేరువగాను, మారుమూలలందును నివసించు మూలవాసులు ఆత్మరక్షణకై కోరినచో వారికి తుపాకి లైసెన్సులు ఉదారముగా మంజూరు చేయుదుమని ఆ ప్రభుత్వము ప్రకటించెను. ధుబ్రి, బార్పేట, మరిగావ్, నగావ్ మొదలగు జిల్లాల పేర్లు ఆ సందర్భమున వినవచ్చెను. ఈ నిర్ణయమును మెచ్చినవారు అది పౌరుని ప్రాణరక్షణ హక్కు అనిరి. కాదన్నవారు ఒక వర్గమునకు ఆయుధములు పంచుట అగ్నిలో ఆజ్యము పోయుటయే అనిరి. ఎవరికి ఈయవలెను, ఎవరికి ఈయరాదు అను ప్రశ్నపైననే వాదమంతయు నడచినది. అంతకన్న ముందు అడుగవలసిన ప్రశ్న మరుగున పడిపోయినది. నడిరేయి తలుపు విరిగిన వేళ, పది అడుగుల దూరమున, భయముతో వణకుచున్న సామాన్యుని చేతిలో చేతి తుపాకి నిజముగా ఏమి చేయగలదు? దానిని ఏ లెక్కలు చూచి ఎంచుకొనవలెను? దీనికి సమాధానము తెలిసినగాని లైసెన్సు మేలో కీడో తేల్చుట సాధ్యము కాదు.

ఇట్టి ఆలోచన మన దేశమునకు కొత్తది కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున ఒక యువతిపై జరిగిన ఘోరము దేశమును కుదిపివేసిన తరువాత, 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారము స్త్రీలకై ప్రత్యేకముగా ఒక రివాల్వరును విపణికి తెచ్చెను. దానికి ‘నిర్భీక్’ అని పేరు పెట్టిరి. టైటానియము మిశ్రలోహముతో చేసిన ఆ ఆయుధము అరకిలో బరువు మాత్రమే. 0.32 అంగుళాల తూటాలు ఆరు పట్టును. నగల పెట్టె వంటి అందమైన పెట్టెలో అమరిన దాని వెల నాడు సుమారు 1,22,000 రూపాయలు. బస్సులోను రైలులోను పనికి పోయివచ్చు స్త్రీలలో ఎందరు ఆ వెల పెట్టగలరని పలువురు అప్పుడే అడిగిరి. వెలకన్న లోతైన ప్రశ్న వేరొకటి కలదు. ఆయుధమును నగవలె పెట్టెలో పెట్టి అమ్మినపుడు, అది పెట్టెలో నుండినంత మాత్రముననే రక్షణ లభించునను భ్రమను కూడ దానితో పాటు అమ్మినట్లు కాదా?

చేతి తుపాకుల విషయమున అనుభవము పండిన దేశము అమెరికా. ఆ అనుభవములో చేదు పాలు ఎక్కువ. ఇంటి వెలుపల ఆత్మరక్షణకై తుపాకి ధరించుట పౌరుని హక్కని అచ్చటి సుప్రీముకోర్టు 2022 జూనులో తీర్పు చెప్పెను. ఆ దేశపు రాష్ట్రములలో సగమునకు పైగా, అనుమతి పత్రము లేకయే వయోజనులు దుస్తుల మాటున చేతి తుపాకిని ధరింపవచ్చును. అందుచేత ఏ పిస్తోలు మేలు, ఏ తూటా మేలు అను చర్చ అక్కడ ఇంటింటి చర్చ. శాస్త్రజ్ఞులు, వైద్యులు, పోలీసు అధికారులు నూరేండ్లకు పైగా ఈ చర్చ సాగించిరి. ఆ దేశము చెల్లించిన మూల్యము మనకు ఉచితముగా దొరకు పాఠము.

ముందుగా ఆయుధ స్వభావమును తెలిసికొందము. తూటా యనగా మందు, గుండు, ఇత్తడి గొట్టము కలిసిన మొత్తము. ఎదుటివానిని తాకునది గుండు మాత్రమే. పోలీసులును సైన్యములును వాడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగము సెకండుకు 350 మీటర్లకు అటునిటు. పేరుపొందిన 0.45 అంగుళాల గుండు బరువు 15 గ్రాములకు దరిదాపు. వేగము 255 మీటర్లు మాత్రమే. ఒకటి తేలికై వేగముగా పోవును, ఇంకొకటి బరువై మెల్లగా పోవును. శక్తి లెక్క కట్టినచో రెండును 500 జౌళ్ళకు సమీపముననే యుండును. మన దేశమున పౌరునికి లభించు 0.32 రివాల్వరు గుండు శక్తి సుమారు 150 జౌళ్ళు. నేటి సైనికుని చేతిలోని 5.56 మిల్లీమీటర్ల రైఫిలు గుండు శక్తి 1,700 జౌళ్ళకు చేరును. చేతి తుపాకులన్నియు ఒక జాతి, రైఫిళ్ళు వేరొక జాతి యని ఈ అంకెలే చెప్పుచున్నవి. వెంట తీసికొని పోవుటకు వీలుగా నుండుటయే చేతి తుపాకి ప్రధాన గుణము. ఆ వీలు కొరకు బలమును వదలుకొన్న ఆయుధ మది.

ఇట్టి ఆయుధమునకు ‘పడగొట్టు శక్తి’ కలదను మాట సినిమాలలోను అంగళ్ళలోను తరచుగా వినబడును. గుండు తగిలిన మనిషి వెనుకకు ఎగిరిపడుట తెరపై మనము చూచుచునే యున్నాము. గుండు మనిషిని విసరివేయునంతటి బలము గలదే యైనచో, చర్యకు ప్రతిచర్య సమానమను న్యాయముచొప్పున, కాల్చినవానిని కూడ అదే బలముతో విసరివేయవలెను గదా! చేతి తుపాకి గుండు చేయునది చిన్న రంధ్రము. ఆ రంధ్రము దేహములో ఎచ్చట పడినది, ఎంత లోతు పోయినది అనునదే ఫలితమును నిర్ణయించును. మర్మస్థానమున తగిలినను రక్తము పోయి దేహము చాలించుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టును. దగ్గరి పోరాటములో ఆ కొన్ని సెకండ్లే దీర్ఘకాలము. పెక్కుమంది గుండు దెబ్బకన్న భయముచేతనే వెనుదిరుగుదురు. భయపడనివానిని నిలుపుట మాత్రము ఏ చేతి తుపాకికిని సులభము కాదు.

ఈ సత్యము ఒక్కనాట తెలిసినది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫిలిప్పీన్సు దీవుల దక్షిణ భాగమున మోరో యోధులతో పోరాడిన అమెరికా సైనికులు తమ 0.38 అంగుళాల రివాల్వర్లు చాలకున్నవని మొరపెట్టుకొనిరి. పలు గుండ్లు తగిలిన పిదపను యోధులు కత్తితో మీదికి వచ్చుచుండిరట. 1904లో థాంప్సన్ అను ఆయుధాధికారియు, లగార్డ్ అను సైనిక వైద్యుడును చికాగో కబేళాల యొద్ద పశువులపైనను, శవములపైనను వేర్వేరు గుండ్లను పరీక్షించి చూచిరి. గుండు వ్యాసము 0.45 అంగుళాలకు తగ్గరాదని వారు తేల్చిరి. దాని ఫలితముగా 1911లో ఆ వ్యాసము గల పిస్తోలు సైన్యమునకు వచ్చి, 1985లో 9 మిల్లీమీటర్ల బెరెట్టా పిస్తోలును ఎన్నుకొనువరకు ప్రధాన స్థానమున నిలిచినది. వ్యాసము పెద్దదైన కొలది రక్షణ పెద్దదను నమ్మకము అమెరికా మనస్సులో నాటుకొన్నది అప్పుడే.

ఆ నమ్మకమునకు రెండవ ఊపు 1986 ఏప్రిల్ 11న మయామీ నగరమున లభించెను. బ్యాంకులను దోచిన ఇద్దరు సాయుధులను అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థకు చెందిన ఎనిమిదిమంది అడ్డగించిరి. ఐదు నిమిషములైనను పట్టని ఆ పోరాటములో నూటికి పైగా తూటాలు పేలినవి. ఇద్దరు అధికారులు మరణించిరి, ఐదుగురు గాయపడిరి. దోపిడీదార్లు ఇద్దరును హతులైరి. తొలిదశలోనే ఒక దోపిడీదారుకు 9 మిల్లీమీటర్ల గుండు తగిలినది. అది చేతిగుండా రొమ్ములోనికి దూసికొని పోయి, గుండెకు సుమారు అంగుళము దూరమున ఆగిపోయెను. అతడు ప్రాణాంతకముగా గాయపడియు పోరాడుచునే యుండెను. ఆ అంగుళమే తరువాతి ముప్పది యేండ్ల ఆయుధ విధానమును నడిపించినది.

గుండు లోతుగా పోలేదని సంస్థ భావించెను. వైద్యులను, నిపుణులను సమావేశపరచెను. కండరమును పోలిన మెత్తని జెలటిన్ దిమ్మెలలోనికి గుండ్లను కాల్చి, కనీసము 12 అంగుళాలు, అధికపక్షము 18 అంగుళాలు పోవలెనని కొలత ఏర్పరచెను. వ్యాసము పెంచి 10 మిల్లీమీటర్ల పిస్తోలును స్వీకరించెను. దాని ఎదురుదెబ్బను చాలమంది చేతులు తాళలేకపోయినవి. మందు తగ్గించి చూచిరి. 1990లో వచ్చిన 0.40 అంగుళాల తూటా పిదప ఆ స్థానము నాక్రమించెను. కాని 2014లో ఆ సంస్థ శిక్షణ విభాగము తన అనుభవమంతయు మరల తూచి చూచి, నేటి మేలురకపు గుండ్లలో 9 మిల్లీమీటర్లకును 0.40 అంగుళాలకును గాయములో చెప్పదగిన భేదము లేదనియు, అధికుల చేతిలో 9 మిల్లీమీటర్ల పిస్తోలే వేగముగాను గురిగాను కాలుచున్నదనియు తేల్చెను. 2016లో సంస్థ తిరిగి 9 మిల్లీమీటర్ల పిస్తోలునే కొనెను. ముప్పది యేండ్లు చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినట్లయినది. ఆ తిరుగుడు పూర్తిగా వ్యర్థము కాలేదు. గుండు తయారీ మెరుగుపడినది. అంతకన్న ముఖ్యముగా, ఆయుధమును చేతిని బట్టి ఎంచవలెను గాని ఆయుధమును బట్టి చేతిని సాగదీయరాదని రూఢియైనది.

ఆ పత్రములోనే ఇంకొక మాట కలదు. నిజమైన కాల్పులలో పోలీసులు కాల్చు గుండ్లలో నూటికి 70 నుండి 80 వరకు గురి తప్పుచున్నవి. న్యూయార్కు పోలీసు శాఖ కోరగా రాండ్ సంస్థ చేసిన 2008 నాటి పరిశీలన కూడ ఇదే చెప్పినది. 1998 నుండి 2006 వరకు ఎదుటివాడును కాల్చుచున్న సందర్భములలో పోలీసు గుండ్లలో నూటికి 18 మాత్రమే తగిలినవి. ఎదుటివాడు కాల్చనప్పుడు సైతము నూటికి 30 మాత్రమే. వీరు జీతము తీసికొని, క్రమము తప్పక శిక్షణ పొందినవారు. తగిలిన గుండు ఎంత బలమైనదను చర్చ ముప్పది యేండ్లు సాగినది. పదింట ఏడెనిమిది గుండ్లు తగులనే లేదను మాట అంతగా చర్చకు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనదే యైనను, అది అన్ని దేశములకును చెల్లును.

తగులని గుండు ఎచ్చటికి పోవును? దీనికి జవాబు 2012 ఆగస్టు 24న న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనము ముంగిట దొరకినది. హత్య చేసి పోవుచున్న సాయుధునిపై ఇద్దరు పోలీసులు అతి సమీపమునుండి 16 గుండ్లు కాల్చిరి. అతడు చనిపోయెను. దారిన పోవుచున్న తొమ్మిదిమంది గాయపడిరి. కొందరికి గుండ్లే తగిలినవి, అధికులకు చెదరిన ముక్కలు తగిలినవి. ఆ పోలీసులు చేసినది తమ కర్తవ్యము. వారి యెదుట నిలిచినవాడు తుపాకి ఎత్తినవాడే. అయినను ఆత్మరక్షణ లెక్కలో ఎన్నడును చేర్పబడని మూడవ వ్యక్తి, అనగా దారిన పోవువాడు, ఆ లెక్కకు తన రక్తముతో సున్న చుట్టవలసి వచ్చినది.

తగిలిన గుండు సైతము దేహమును చీల్చుకొని వెనుకనున్నవానిని తాకవచ్చును. ఈ చిక్కునకు విరుగుడుగా వచ్చినది కొస బోలుగా నుండి, తాకినంతనే విచ్చుకొను గుండు. దీని కథలో మన దేశమునకు సంబంధము కలదు. 1890ల చివర కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారములో, సరిహద్దు యుద్ధములకై విచ్చుకొను రైఫిలు గుండును బ్రిటిషువారు తయారు చేసిరి. అది చేయు గాయము క్రూరమని ఐరోపా గగ్గోలు పెట్టెను. 1899 జూలై 29న హేగ్ నగరమున జరిగిన ప్రకటన అట్టి గుండ్లను యుద్ధమున నిషేధించెను. బ్రిటను 1907లో దానికి తలవంచెను. యుద్ధములో శత్రుసైనికునిపై వాడరాని గుండును, స్వదేశ వీథులలో పౌరులనడుమ వాడుటకు న్యూయార్కు పోలీసులు 1998లో నిర్ణయించిరి. చూచుటకు ఇది వైపరీత్యముగా తోచును. దూసికొని పోవు గుండు వెనుకనున్న అమాయకుని చంపునేమో యను భయమే దీనికి కారణము. యుద్ధభూమిలో లేని ఆ మూడవ వ్యక్తి నగర వీథిలో నిత్యము ఉన్నాడు. తూటా ఎంపికయందు సైతము చివరికి విచారింపవలసినది శత్రువునుగూర్చి కాదు, పొరుగువానినిగూర్చి యని దీని వలన తెలియుచున్నది. గోడకు గోడ తగిలియుండు మన పేటలలో, రేకుల గదులలో, ఈ విచారము మరింత అవసరము.

ఇన్ని అనుభవముల సారమును క్రమముగా పేర్చినచో, అంగడివాడు చెప్పు వరుస తలక్రిందులగును. అంగడిలో మొదట వ్యాసము, పిదప పేరు, పిదప మెరుగు. అనుభవము చెప్పు వరుస వేరు. మొదటిది నమ్మకము: మీట నొక్కిన ప్రతిసారియు పేలవలెను, నొక్కనప్పుడు పేలరాదు. నాటు తుపాకులు ఈ మొదటి మెట్టుననే విఫలమగును. వాని గొట్టములు పగిలి కాల్చినవాని చేతినే హరించుట కద్దు. రెండవది చేతికి ఇముడుట: పిడి పట్టునకు చాలవలెను, మీట వ్రేలికి అందవలెను. రివాల్వరు నిర్మాణము సరళము. తూటా పేలకున్నచో మీట మరల నొక్కిన చాలును. కాని దాని మీట బరువు, తూటాలు ఆరే. పిస్తోలులో తూటాలు ఎక్కువ, మీట తేలిక. అది ఇరుకుకొన్నపుడు సవరించుటకు అభ్యాసము కావలెను. తేలికైన ఆయుధము మోయుటకు సుఖము, కాల్చుటకు కష్టము. ఎదురుదెబ్బ తేలిక తుపాకిలోనే ఎక్కువ. మూడవది తూటా: అది కొత్తదై, తేమ సోకనిదై, ఆ ఆయుధములో మునుపు కాల్చి చూచినదై యుండవలెను. వ్యాసమునుగూర్చిన ప్రశ్న వీని తరువాతనే. వీనియన్నిటికి మూలముగా నిలుచునది అభ్యాసము. ఏటికి పది తూటాలైనను కాల్చనివానికి ఏ తుపాకియు మేలుది కాదు.

మన దేశమున ఈ వరుసలో కొన్ని మెట్లు చట్టమే నిర్ణయించినది. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు వంటివి సామాన్య పౌరునికి నిషిద్ధములు, అందుచేతనే 0.32 రివాల్వరు మన విపణిలో రాజ్యమేలుచున్నది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి. పెండ్లిండ్లలో ఉత్సాహమునకు కాల్చి ఇతరులకు అపాయము కలిగించుట నేరమైనది. ఆయుధ భద్రతా శిక్షణ కావలెనని 2016 నియమములు చెప్పుచున్నవి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించుచు, అవసరమునకు మించిన హాని చేయు హక్కు లేదని కూడ చెప్పుచున్నది. చీకటిలో, రెండు సెకండ్లలో చేసిన నిర్ణయమును న్యాయస్థానము పగటి వెలుగులో, తీరికగా తూచి చూచును. శిక్షణ గురికొరకే కాదు, కాల్చకుండ నిగ్రహించుకొనుటకు కూడ కావలెను.

ఇంకొక మెట్టు కలదు, అది ఇంటిలోపలిది. 2021లో అమెరికాలో తుపాకులవలన మరణించినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది తమ్ము తాము కాల్చుకొన్నవారు. కాలిఫోర్నియాలో రెండుకోట్ల అరువది లక్షల మందిని పన్నెండేండ్లు పరిశీలించి 2020లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, చేతి తుపాకి లేని పురుషులకన్న ఉన్న పురుషులలో తుపాకి ఆత్మహత్యలు సుమారు ఎనిమిది రెట్లు, స్త్రీలలో ముప్పదియైదు రెట్లు ఎక్కువ. దీనిని తెలుగువారు గ్రహించుట కష్టము కాదు. క్షణికమైన నిరాశకు చేతికందినది పురుగుమందు డబ్బా యైనందున ఎన్ని రైతు కుటుంబములు కూలిపోయినవో మన పల్లెలకు తెలియును. ఆవేశము పోవును, నిరాశయు తగ్గును. ఆ గడియలో చేతికి ఏమి అందినదను దానిపైననే బ్రతుకు ఆధారపడును. రక్షణకై తుపాకి చేతికందునట్లు ఉండవలెను. ప్రాణభద్రతకై అది తాళము వేసి యుండవలెను. ఈ రెండు కోరికలకును పొత్తు కుదుర్చుట ఏ కర్మాగారమునకును సాధ్యము కాలేదు.

ఇంత చెప్పినంత మాత్రమున, ఆపదలో నున్నవానికి ఆయుధ మెందుకని కొట్టివేయుట న్యాయము కాదు. పోలీసు ఠాణా ఇరువది మైళ్ళ దూరమున, మధ్యలో నది పొంగుచుండగా, ఒంటరి ఇంటిలో నివసించువాని భయము పట్టణవాసి తర్కముతో తీరదు. తుపాకి చూపిన మాత్రమున వెనుదిరిగిన దొంగలును ఉందురు. అట్టివానికి లైసెన్సు ఈయవలసినదే యైనచో ఈయవచ్చును; కాని లైసెన్సు కాగితముతో ప్రభుత్వ బాధ్యత ముగియదు. ప్రతి జిల్లాకు కాల్చి నేర్చుకొను మైదానము, నేర్పు గురువు, ఏటేట పరీక్ష, ఇంట తాళముగల పెట్టె, ఆ పెట్టెను చూచి పోవు అధికారి — ఇవి లేని లైసెన్సు పౌరునికి రక్షణ నిచ్చినట్లు కాదు. తాము మోయవలసిన భారమును అతని భుజముపైకి దింపుకొన్నట్లు. పోలీసుబలమును మారుమూలకు చేర్చుట వ్యయముతో కూడినది, కష్టసాధ్యము. కాగితము పంచుట సులభము. సులభమైనదానిని ధైర్యమని పిలుచుటలోనే అపాయమున్నది.

అస్సాము ప్రభుత్వ విధానమును రేపు తూచవలసినది ఎన్ని లైసెన్సులు ఇచ్చిరను లెక్కతో కాదు. తీసికొన్నవారిలో ఎందరు గురి నేర్చిరి, ఎందరు నిగ్రహము నేర్చిరి, ఎందరి ఇండ్లలో అది తాళము వెనుక భద్రముగా నున్నది, ఆ ఊళ్ళకు పోలీసు జీపు ఇప్పుడు ఎంత సేపటిలో చేరుచున్నది — ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకినపుడే ఆ నిర్ణయము మంచిచెడ్డలు తేలును. గుండు బరువును గ్రాములలో కొలువవచ్చును, వేగమును మీటర్లలో కొలువవచ్చును. చేతి నిలుకడను కొలుచు త్రాసు అంగడిలో దొరకదు. దానిని ఏండ్ల తరబడి సంపాదించుకొనవలెను. అది లేని చేతికి తుపాకి నిచ్చు ప్రభుత్వము, ఆ చేతి వెనుకనున్న బిడ్డకును, ఎదుటి వీథిలో పోవు బాటసారికిని జవాబుదారి కాక తప్పదు.